మూడో సి మెట్టు మీద కాసులమ్మ

తెల్లారి నాలుగున్నరకి ఫిషింగ్ హార్బర్‌లో
ఐసు మర కొరుకుడుకీ బోటింజన్ల దగ్గుకీ మధ్య
ఒక్క క్షణం ఖాళీ దొరికింది నాకు.
ఆ సందులోంచే వచ్చి మైకులో పడింది ఆమె గొంతు:
"ఎనిమిదొందలా... తొమ్మిదా!"
తొమ్మిది దగ్గర
తడి తాడు తెగినట్టు ఓ విరుపు.

ఆ విరుపు కోసమే దొంగనయ్యాను.

కోటవీధిలో జిరాక్సు షాపు మీద నా గది.
గోడలకి కోడిగుడ్ల అట్టలు,
ఉప్పుగాలికి తుప్పెక్కిన కీబోర్డు మరలు.
ఫ్యాను ఆపందే రికార్డింగ్ కుదరదు,
ఆపితే నేను కుదరను.
శాంప్లర్ తెరిచి ఆమె అరుపుని పడుకోబెట్టాను.
ముందున్న ఊపిరి కోశాను,
వెనకాల బేరగాడి నసుగుడు కోశాను,
ఒక కాకిని కోశాను.
నడిమి ముక్క మూడో సి మెట్టు మీద పెట్టాను.

ఇక పిలిచినప్పుడల్లా పలుకుతుంది.
మెల్లగా నొక్కితే మెల్లగా,
గట్టిగా నొక్కితే గట్టిగా.
చప్పుడు పెరిగేది, పట్టుదల పెరిగేది కాదు.
ఆ తేడా అప్పటికి నా చెవికి అందలేదు.

డీజే సోమేసు ఎత్తుకెళ్లి
పెదజాలారిపేట పెళ్లి ఊరేగింపులో వదిలాడు:
తొ తొ తొ తొమ్మిదా, తొ తొ తొమ్మిదా.
వీధి వీధంతా గెంతింది.
ఒక్కావిడ మాత్రం గెంతలేదట.

మూడోనాడు నా మెట్లెక్కి వచ్చింది,
తట్ట గుమ్మం బయట దించి.
"మైలపల్లి కాసులమ్మంతారు నన్ను.
నలబయ్యేళ్లుగా చేపలమ్ముతున్నాను బాబూ,
నన్నెవుడు అమ్మినాడో సూద్దారని వొచ్చినాను."

కుర్చీ ఇచ్చాను. కూర్చోలేదు.
తెర మీది గీతలు చూసి
"ఇదేటి, కానాగంత ముల్లునాగుంది" అంది.
మీ గొంతే, అన్నాను.
కత్తిగాటున్న వేలితో నొక్కింది,
ఎడమ పక్క, బాగా కింది మెట్టు.
సాగి, బరువెక్కి, మగగొంతై వచ్చింది తొమ్మిది.
చెయ్యి వెనక్కి లాగేసుకుంది.
"మా అయ్య," అంది, నాతో కాదు.
తర్వాత కుడి చివర నొక్కింది.
"ఓలమ్మ! ఈ గుంట నాతోటి రొయ్యలేరీది!"
నవ్వితే గదిలో మొదటిసారి
గుడ్ల అట్టలు చాల్లేదు.

చివరికి నడిమి మెట్టు.
నేను పెట్టిన చోటు. అచ్చం ఆమె.
రెండుసార్లు నొక్కి, "ఇది నాను కాదు" అంది.

"తొమ్మిదనే ముందు నాను ఎదటోడి మొకం సూస్తాను.
ఆడి కంట్లో ఏటుందో సూసి
అప్పుడంటాను.
ఆ సూపేదీ? కోసి పారేసినావు."

ఏం చెప్పను?
రెండు వేలిస్తాను, అన్నాను.

ఫ్యాను ఆగే ఉంది. కింద జిరాక్సు మిషను కూడా ఆగింది.
ఆమె నా మొహంలోకి చూసింది,
గది అద్దె, తీరని కంప్యూటర్ వాయిదాలు,
సిగ్గు, అన్నీ తూకం వేసినట్టు.
ఊపిరి తీసింది.
"మూడా!"

మైకు ఆన్‌లో లేదు.
మూడే ఇచ్చాను.

శాంప్లర్ కోసిందేదీ పారేయదు, మడిచి దాస్తుందంతే.
ఆ రాత్రి మొదలుగీతని ఎడమకి జరిపాను,
కాకి దాకా, ఊపిరి దాకా,
ఊపిరికి ముందు ఏమీ లేని చోటు దాకా.

ఇప్పుడు సోమేసు గొడవ:
"లేటుగా పలుకుతోందిరా నీ మెట్టు,
సౌండ్ కార్డ్ మార్చు, బఫర్ తగ్గించు."
మళ్లీ నొక్కి చూడరా, అంటాను.
నొక్కుతాడు.
ఏమీ రాదు.
ఏమైందా అని తలెత్తుతాడు,
మొహం తెరకి ఎదురుగా పెడతాడు.

అప్పుడు పలుకుతుంది.