సున్నా ఎందుకు కాదు

ఫ్రేజర్‌బర్గ్ రేవులో, ఐసు ఫ్యాక్టరీ పైగది.
కింద యంత్రం మంచును నమిలినప్పుడల్లా
బల్లమీది టీ కప్పు వణుకుతుంది.
అతని చేతులు వణికేది అందుకు కాదు.

పేరు రానల్డ్ బుకన్. ముప్ఫై నాలుగేళ్లు.
పన్నెండేళ్లు పడవమీద, ఆరేళ్లుగా హెరాయిన్.
వివరాల కాగితాన్ని ఒళ్లో బోర్లా పెట్టుకున్నాను,
దాన్ని చదువుతూ మనిషిని వినలేక.

"ముందే చెప్తున్నా, కోర్టు పంపితే వచ్చాను.
నీతులుంటే తొందరగా కానియ్యండి,
బయట వాన తగ్గింది."

నీతులు లేకపోలేదు.
తెల్లవారుజామున వేలానికి పేర్చిన చేపపెట్టెల్లా
నా పళ్ల వెనక వరసగా ఉన్నాయి,
ఒక్కోటీ తాజాగా, ఒక్కోటీ బరువుగా.
మింగాను.

మా అన్నకి చెప్పినవన్నీ సరైన మాటలే.
మందు గురించి, కాలేయం గురించి, అప్పుల గురించి,
అమ్మ నిద్రపోని రాత్రుల గురించి
ఒక్క అబద్ధం చెప్పలేదు నేను.
చెప్పిన ప్రతిసారీ వాడు తలూపి
తలుపుకి ఒక అడుగు దగ్గరగా జరిగేవాడు.
పదకొండో చలికాలం ఆ తలుపు దాటేశాడు.
వాణ్ణి ఎప్పుడూ ఏమీ అడగలేదని
వాడి బూట్లు పారేస్తున్నప్పుడు తెలిసింది.

అందుకని అడిగాను:
"అదేమిస్తుంది నీకు?"

వలలో పేరు తెలియని చేప పడ్డట్టు
నావంక చూశాడు రానల్డ్.
అది ఏం లాక్కుందో అడిగినవాళ్లేగానీ
ఏమిచ్చిందని ఇన్నాళ్లూ ఎవరూ అడగలేదట.

"నిశ్శబ్దం," అన్నాడు చాలాసేపటికి.
"ఇంజను ఆపాక సముద్రంమీద ఉంటుందే, అది.
మొదట్లో గంటలకొద్దీ ఉండేది. ఇప్పుడు
సిగరెట్ కాలినంతసేపు కూడా ఉండదు."

"నిశ్శబ్దం కావాలి. ధరేమో పెరిగిపోతోంది."

"నేనామాట అనలేదు."
ఆగాడు.
"సరే, అన్నాననుకోండి."

"మానాలన్నది నీకెంత ముఖ్యం?
సున్నా నుంచి పది దాకా ఒక అంకె చెప్పు."
నవ్వాడు. పై పన్ను ఒకటి లేదు.
"రెండు."

తొమ్మిదెందుకు కాదని అడిగితే
వంద కారణాలు చెప్పేవాడు, చెబుతూ చెబుతూ
ఆ రెండు కూడా నా బల్లమీద పెట్టి వెళ్లిపోయేవాడు.

"రెండెందుకు? సున్నా ఎందుకు కాదు?"

ఐసు యంత్రం ఆగింది.
గోడగడియారానికి గొంతొచ్చింది.
కిటికీ చట్రంమీద సముద్రపు కాకి ఒకటి వాలి
మా ఇద్దరిలో ఎవరు ముందు ఓడతారో చూస్తోంది.

జేబులోంచి తీశాడు
వల అల్లే సూదిని, అరచేతి పొడవుది,
అంచులు అరిగి పాత టీ రంగుకి తిరిగిన చెక్క.
"పనిముట్ల పెట్టె అమ్మేశాను. నాన్న గడియారం.
ఐలా ఇంట్లో లేనప్పుడు ఆమె కుట్టుమిషను.
ఇది అమ్మలేదు."
"ఎందుకని?"
"దీనికి పౌండెవడిస్తాడు?"

ఇద్దరం నవ్వాం.
తర్వాత నేల చూస్తూ అన్నాడు:
"నిజానికి, ఎవర్నీ అడగలేదు."

ఆ మాటని నేను తాకలేదు.
పొగడలేదు, భుజం తట్టలేదు, రాసుకోలేదు.
గూట్లో పిట్ట పొదుగుతుంటే
కొమ్మ కదపం కదా.

వచ్చే గురువారం అతను రాలేదు.
రెండు టీలు కలిపి రెండూ నేనే తాగాను.
ఆ పై వారం వచ్చాడు, తడిసి, చిక్కిపోయి,
కంటిపాపలు సూదిమొనలంత.
"ఇవాళ ఒకటి," కుర్చీలో పడకముందే అన్నాడు.
"ఒకటిన్నర కూడా కాదు."

నోటిదాకా వచ్చేసింది పాత చెల్లెలు.
పళ్ల వెనకే ఆపాను దాన్ని.

"సున్నా ఎందుకు కాదు?"

"లిఫ్టు చెడిపోయింది," అన్నాడు విసుగ్గా.
"ముప్ఫై ఒక్క మెట్లు. లెక్కపెట్టాను."

కింద యంత్రం మళ్లీ మొదలైంది.
నా కప్పు జరుగుతూ జరుగుతూ బల్ల అంచుకి రాగానే
చెయ్యి అడ్డం పెట్టాడు.
ఆ చెయ్యి వణుకుతూనే ఉంది.