జత లేని మేజోళ్ళు

ఫ్లింట్‌షైర్ కౌన్సిల్ వాళ్ళు నాకిచ్చినవి
వీపుకో మందు ట్యాంకు, చేతికో గొట్టం,
చంపాల్సిన మొక్కల పట్టీ.
ఈ పసుపు పువ్వుకు అందులో పేరు లేదు.
'ఇతర కలుపు' అని ఉంది, అంతే.

బస్సు స్టాపు గోడ పగుల్లో నాలుగు మొక్కలు.
గొట్టం ఎత్తానో లేదో
ఎదురింటి టెగ్వెన్ ప్రోసర్
చెప్పుల్లేకుండా రోడ్డు దాటి వచ్చింది,
ఎనభై దాటిన మనిషి, చేతిలో తడి మేజోడుతో.
"ఆగు ఇడ్వాల్! ఇది మన దగ్గర పుట్టిన జాతి.
మా నాయనమ్మ కంటే చిన్నది."

చినుకుల్లోనే చెప్పుకొచ్చింది.
సిసిలీ అగ్నికొండ బూడిదలో పెరిగిందొకటి
ఆక్స్‌ఫర్డ్ తోట గోడ దూకి,
రైలు పట్టాల కంకరను తన కొండే అనుకుని,
బండి వెంట బండిగా ఇక్కడ దిగిందట.
ఇక్కడి పేదకలుపు దాన్ని పలకరించింది.
దానివి ఇరవై క్రోమోజోములు, దీనివి నలభై.
చెరిసగం ఇస్తే బిడ్డకు ముప్ఫై.

"ముప్ఫై సరిసంఖ్యే కదా" అన్నాను.
ఆవిడ తన దండెం వైపు చూపించింది.
"మేజోళ్ళు ముప్ఫై ఉంటే సరా,
జత కుదరొద్దూ?"

పూసింది, గింజ కట్టలేదు.
గాలి వచ్చి ఊరికే తిరిగి వెళ్ళింది.

ఏ పొద్దునో ఒక కణం
అంతా రెండుసార్లు రాసుకుని
విడిపోవడం మరిచిపోయింది.
ఏ పంతులూ దిద్దని లెక్కతప్పు.
అరవై!
ప్రతి మేజోడుకీ జోడు దొరికింది.
తెల్లటి నూగు ఎగిరింది.
అమ్మవైపు వాళ్ళతో పొసగదు, నాన్నవైపు వాళ్ళతోనూ పొసగదు,
ఇంటిపేరే వేరు.

"తప్పు చేసి బాగుపడిందన్నమాట" అని నవ్వాను.
ఆవిడ నవ్వలేదు.
గొట్టం పట్టిన నా మణికట్టు పట్టుకుంది.
"యాభై కోట్ల ఏళ్ళ కింద,
దవడైనా లేని నీటిపురుగు లాంటిదేదో
ఇదే తప్పు చేసింది. మళ్ళీ చేసింది.
ఒక్క పుస్తకం నాలుగు ప్రతులైంది.
చాలా పేజీలు చెదలు తినేశాయిలే.
మిగిలినవాటిలో ఒకటి పాత పని చూసుకుంటుంటే
ఖాళీగా కూర్చోలేనివి కొత్త పని నేర్చాయి.
ఈ వేళ్ళు ఊరికే రాలేదు నాయనా."

నా వేళ్ళు. మీట మీద.

ఎడిన్‌బరాలోనూ ఇలాంటిదే పుట్టిందట,
దీనితో సంబంధం లేకుండా, తనంతట తాను.
తర్వాత ఆ ఖాళీ జాగాలు ఖాళీగా ఉండలేదు.
అక్కడిప్పుడు అది లేదు.

ఆ సాయంత్రం రిపోర్టులో
'బస్సు స్టాపు: పూర్తయింది' అని రాశాను.
ట్యాంకు మాత్రం బరువుగానే ఉంది.

మార్చి నుంచి ఈ రోడ్డు ఇంకొకడికి ఇస్తారు.
పట్టీ కూడా వాడికే.