మసి లెక్క

లైట్లు రోడ్డు మీద పడటం లేదు.
వెనక బరువుకి మూతి పైకెత్తిన బండి
కరెంటు తీగల్ని వెతుకుతోంది.
కంచెగుంజ మీది గుడ్లగూబని లేపి
తప్పయిపోయిందన్నట్టు ముందుకు పోతోంది.
ఎదురొచ్చే ప్రతి లారీ
కన్ను గీటి తిడుతోంది: దించు, దించు.
దించే ఉంచాను నాయనా,
ఇంతకంటే తల వంచలేను.

వెనకాల ఉన్నది పొయ్యి.
విప్పిన రొట్టెల పొయ్యి,
అయిదు వందల నలభై మూడు ఇటుకలు,
ఒక ఇనప తలుపు.
కొట్టు కొన్నవాడికి గోడలు కావాలి,
నిప్పు అక్కర్లేదు.
మా మామయ్య అన్సెల్మో వారం రోజులు కూర్చుని
ఒక్కో ఇటుకనీ ఊడదీసి
సుద్దముక్కతో అంకె వేశాడు.
ఆఖరిది, కమాను నడినెత్తిది,
వెనక పడేస్తే పగుల్తుందని
ఒళ్ళో పెట్టుకున్నాడు.
ఇద్దరికీ కలిపి ఒకటే సీటు బెల్టు.

కింద బండి కమాన్లు చదునైపోయాయి,
పైన పొయ్యి కమాను ముక్కలై ఉంది.
రెండు వేల కిలోమీటర్లు
విరిగినదాన్ని వంగినది మోయాలి.

ఎక్కడికి అంటే, దక్షిణం చివరికి, రియో గయేగోస్‌కి.
అక్కడ ఎర్సీలియా అనే ఆవిడకి
ఖాళీగా ఒక గొర్రెల షెడ్డు ఉందట.
ఆవిడెవరని నేనడగలేదు.
పెట్రోలు బంకు వచ్చినప్పుడల్లా
ఈయన గడ్డం గీసుకోవడం మాత్రం చూస్తున్నాను.

బరువుతో నడపడం వేరే చదువు.
ఆగాలంటే ఆ ముందు మలుపులోనే అనుకోవాలి.
ఎవర్నీ దాటబోకూడదు,
దాటిపోయేవాళ్ళకి దారివ్వాలి.
పడమటి గాలి పక్కనుంచి భుజం పెట్టి తోస్తే
స్టీరింగుతో వాదించకూడదు,
కొంచెం ఒప్పుకుని, కొంచెం లాక్కోవాలి.
కొమొదోరో దిగుడులో బ్రేకులు కమురు వాసనేశాయి.
మామయ్య ముక్కు ఎగబీల్చి
"అడుగు మాడుతోంది, మంట తగ్గించు" అన్నాడు
నిద్రలోనే.

కాటా దగ్గర పోలీసు
టైర్ల పొట్టలు బూటుతో తన్ని, ఎంత బరువని అడిగాడు.
"రోజుకి ఆరువందల రొట్టెలు,
ముప్పై ఒక్క ఏళ్ళు, ఆదివారాలు తీసేయండి."
వాడు కాసేపు వేళ్ళు ముడిచాడు,
చేతులెత్తేసి గేటు తీశాడు.

మధ్యాహ్నం రేడియేటరు పొగలు కక్కింది.
రోడ్డు పక్క చిన్న గుడి,
దాహంతో పోయిన ఎవరికోసమో
వచ్చేపోయేవాళ్ళు పెట్టిన నీళ్ళ సీసాలు, వందలు.
రెండు తీసుకుని బండికి తాగించాను.
మామయ్య మొహం తిప్పుకున్నాడు.
"అప్పు" అన్నాను పైకి, ఆ చచ్చిపోయినామెకి వినపడేలా.
తిరుగుదారిలో నాలుగు తెచ్చి పెట్టాలి.

ఏడాదికి గుప్పెడు చినుకులు పడే నేల ఇది.
ఆ గుప్పెడూ మా కోసమే దాచినట్టుంది.
సాన్ హులియాన్ దాటాక గాలి టార్పాలిన్ని
పేజీ తిప్పినట్టు తిప్పేసింది,
వాన దిగింది.
ఆపి, టార్చి వేసి చూస్తే
అంకెలన్నీ తెల్లటి నీళ్ళై
చక్రాల పక్కన కారుతున్నాయి.

నేనేడుస్తానేమో అనుకున్నాను. ఆయనేడుస్తాడేమో అనుకున్నాను.
మామయ్య ఒక ఇటుక తీసి తిప్పి చూశాడు.
"ఇది నేల. బూడిద తిని నున్నబడింది చూడు.
ఇది తలుపు పక్కది, ఒక చెంపే కాలింది.
ఇది కప్పు. మసి ఎటు పాకిందో చూశావా?
పొగ ఎటు పోవాలో అటు."
వానలో తడుస్తూ చదువుతున్నాడు,
సంతకం రావడానికే కష్టపడే మనిషి.

పొడిగా మిగిలింది ఒళ్ళో ఉన్న ఇటుక ఒక్కటే.
దాని మీద అయిదు వందల నలభై మూడు.
మిగతా లెక్కంతా పోయి
జవాబు మిగిలింది.

"సుద్దముక్క ఉందా?" అన్నాడు.
లేదు. సంచి గాలిస్తే లిప్‌స్టిక్ దొరికింది.
తెల్లారేదాకా కూర్చుని
నేలకి ఒక గీత, కప్పుకి రెండు, తలుపుకి ఒక చుక్క.

ఇంకా మూడువందల పైనే ఉంది.
మొదటి గేరు. మూలుగు. రెండో గేరు.
"మామయ్యా, ఈ ఎర్రటి గుర్తులేమిటని
ఎర్సీలియా అడిగితే ఏం చెప్తావు?"
ఆయన అద్దంలో గడ్డం తడిమి చూసుకున్నాడు.
"బండి చూసి నడుపు" అన్నాడు.