పిన్ను గుచ్చని బరువు

సాల్మియాలో, మూడో అంతస్తులో, ఆడవాళ్ళ జిమ్ము.
నా పని తుడవడం.
సీటు మీద మిగిలిన వీపు ఆకారం,
పిడి మీద వేళ్ళ తడి,
అద్దం మీద ఎవరో ఊదిన ఆవిరి.

ఇవాళ కూడా దలాల్, నూరా వాదించుకున్నారు:
యంత్రం మీద అరవై తోస్తే
ఒట్టి బారు మీద ఎంత ఎత్తినట్టు?
నలభై అని ఒకామె. ముప్పై కూడా కాదని ఇంకొకామె.
మాలియాలో ఎక్స్ఛేంజి కిటికీ దగ్గర
దినారుకి ఇవాళ ఎంతన్నా అని
శుక్రవారం మేం అడుగుతామే, అలాగ.
ఇద్దరూ ఫోనుల్లో అంకెలు రాసుకుని వెళ్ళిపోయారు.

రాత్రి పదకొండుకి సగం దీపాలు ఆరాక
ట్రైనరు రానియా నన్ను యంత్రంలో కూర్చోబెట్టింది.
ఇనప పలకల దొంతర. నలభై దగ్గర పిన్ను గుచ్చింది.
తోశాను. వెళ్ళింది.
అరవై. వెళ్ళింది, కాస్త మూలిగి.
బరువుకి రెండు కడ్డీల దారి వేసే ఉంది.
రైలు లాగ వెళ్ళి రైలు లాగ వచ్చింది.
నేను పక్కకి చూసినా అది పక్కకి పోలేదు.
రానియా చప్పట్లు కొట్టింది. నాకూ నవ్వొచ్చింది,
నిండు గ్యాసు బండలు రెండు కదా అరవై అంటే!

తర్వాత ఒట్టి బారు చేతికిచ్చింది.
ఇరవయ్యే, అంది.
ఎత్తానో లేదో ఎడమ కొస కిందకి దిగింది.
దాన్ని లేపితే కుడిది.
నడుం ఒకటంటే మోచెయ్యి ఇంకోటంది,
కాలి బొటనవేలు కూడా పనిలోకి దిగింది.
"దానికి దారి లేదు" అంది రానియా.
"నువ్వే వెయ్యాలి."

ఆ మాట నాకు కొత్త కాదు.
మలికిపురంలో మా చిన్నాన్న ఏసుపాదం
కొబ్బరికాయల కావిడి మోసేవాడు.
నిలబడితే చంపేసేది, నడిస్తే మోయనిచ్చేది.
బద్ద ఊగిన తీరుకి అడుగు వేసేవాడు
కాలవ గట్టు మీద, జారుడు బురదలో.

ఆ తర్వాత నాకు జాబ్రియాలో మూడేళ్ళు.
ఉమ్మ్ బదర్, ఎనభై ఒకటో ఏడు, కాళ్ళు పడిపోయిన మనిషి.
మంచం నుంచి కుర్చీకి, కుర్చీ నుంచి స్నానానికి.
నా పేరు సువార్త. ఆవిడకి నోరు తిరక్క
"శువయ్య" అనేది.
శివయ్య అంటోందేమో అనుకున్నాను మొదట్లో.
అరబ్బీలో మెల్లగా అని అర్థమట.
పిలుపూ అదే, జాగ్రత్తా అదే.

ఆస్పత్రి కాటా మీద యాభై రెండు.
నా చేతుల్లో ఆ అంకె ఒక్క రోజు నిలవలేదు.
భయపడితే బండరాయి.
సబ్బు నీళ్ళలో చేప.
నాన్న ముత్యాల పడవ కబుర్లు చెబుతుంటే దూది.
నన్ను తిట్టిన రోజు మాత్రం
ఒళ్ళంతా బిగదీసుకుని మంచానికే అతుక్కునేది.
ఏ పలక దగ్గర గుచ్చను పిన్ను?

చివరిసారి ఎత్తినప్పుడు
మెడ చుట్టూ చెయ్యి వెయ్యలేదు.
ఎటూ ఒరగలేదు, ఊగలేదు.
అంత తిన్నగా ఎప్పుడూ రాలేదు నా చేతుల్లోకి.

"చాలు, పెట్టెయ్" అంటోంది రానియా.
బారు ఇంకా ఊగుతూనే ఉంది.
శువయ్య, అన్నాను దానితో.
నాతో కూడానేమో.
ఆరు సార్లు. ఏడోది సగంలో ఆగిపోయింది.

గూట్లో పెట్టి, నా చేతి తడి నేనే తుడిచాను,
డ్యూటీ కదా.
రేపు దలాల్ మళ్ళీ రేటు అడుగుతుంది నూరాని.
నన్ను అడగరు.
అడిగినా, నా దగ్గర చిల్లర లేదు.