నలభై ఎనిమిదో గంట

సున్నా. ఆరు. పన్నెండు. ఇరవై నాలుగు. నలభై ఎనిమిది.
ఐదు ఫ్లాస్కులు, మూతల మీద స్కెచ్ పెన్నుతో గంటలు.
మొదటిది వానాకాలం గట్టు మీది పాచి రంగు,
చివరిది ముగ్గబోయే అరటికాయ రంగు.
నైట్రోజన్ ఇవ్వలేదు. నేను చేసిందల్లా అంతే.
అమ్మోనియం ఉప్పు డబ్బా మూత తియ్యలేదు.

విజయనగరంలో మా కాలేజీ ల్యాబులో
కరెంటు పోతే షేకరు ఆగిపోతుంది.
సన్నాసినాయుడు ఫ్లాస్కులు చేత్తో తిప్పుతాడు,
పసిపిల్లకి పాలు చల్లార్చినట్టు.
"బతికే ఉన్నాయేటమ్మా?"
బతికే ఉన్నాయి. తింటున్నాయి కూడా.
తినడానికేమీ లేక
ఇంట్లో సామాను తింటున్నాయి.

ఒక కణం. కణంలో ఒకే ఒక్క పచ్చటి గిన్నె.
గిన్నెలో దొంతర్లు దొంతర్లుగా పొరలు,
పొరల్లో దిగేసిన ప్రోటీన్లు,
వెలుగుని పట్టేవి, ఎలక్ట్రాన్‌ని చేతులు మార్చేవి.
ముందు పోయేది మధ్యలో నిలబడి
ఈ చేత్తో అందుకుని ఆ చేత్తో ఇచ్చేది.
చెడిపోయి కాదు.
బాగున్నదాన్నే పొరలోంచి లాగి
గొలుసు గొలుసంతా కొరికేసే ఎంజైము ఉంది,
ఆరు ముక్కలు అతికిన ఉంగరంలా.
దానికి కోపం లేదు. లెక్క ఉంది.

ఆ లెక్క నాకు తెలుసు.
నెల్లిమర్లలో జూట్ మిల్లు గేటుకి తాళం పడిన ఏడు
మా అమ్మ పారమ్మ అన్నిటికన్నా ముందు
నాన్న సైకిలు అమ్మింది.
వెండి గ్లాసుంది కదా, అటక మీద బిందుంది కదా
అని నేను ఏడ్చాను.
"సిప్టు నేనప్పుడు సైకిలేటికే? దాన్నెక్కి ఏటికెల్తాడు?"
తర్వాత అలారం గడియారం. తర్వాత మూడు గిన్నెల క్యారేజీ.
మిల్లుకి పోయేదంతా ముందు పోయింది,
వండేది మిగిలింది.
రాయడం రాదు. అమ్మిన ప్రతిదానికీ
తలుపు వెనక బొగ్గుతో ఒక గీత.
నాన్న స్పానర్ల సంచి తలకింద పెట్టుకుని పడుకునేవాడు.
దాని జోలికి మాత్రం ఆమె పోలేదు.

విడిగా ఇంకో రకం పెంచుతున్నాను,
ఆ ఉంగరం విరిగి పుట్టిన కణాలు.
అవి ఏదీ కొరకవు. ఆకలేసినా పచ్చగానే ఉంటాయి.
మొదటి వారం వాటిని చూసి మురిసిపోయాను.
ఓ సోమవారం, కడుపు నిండిన ఫ్లాస్కులు రెండు,
అదొకటీ ఇదొకటీ, నాయుడు మరిచిపోయి
కిటికీలో ఏప్రిల్ ఎండకి వదిలేశాడు.
మామూలువి కాలిన ముక్క తీసి, కొత్తది వేసుకుని,
అదీ కాలితే అదీ తీసి,
పొద్దు గుంకేదాకా నెట్టుకొచ్చాయి.
విరిగినవి కాలినదాన్ని కూడా వదల్లేదు.
మర్నాటికి
ఫ్లాస్కు అడుగున పాలిపోయిన మడ్డి.

చీకటి గదిలో ఫిల్ము పైకెత్తి చూస్తాను.
సున్నా దగ్గర గీత బొగ్గులా ఉంది.
ఇరవై నాలుగు దగ్గర చెరిపిన పెన్సిలు.
నలభై ఎనిమిది దగ్గర, ఉందో లేదో.
ఉందో లేదోకి కూడా అంకె వెయ్యాలి,
మేడమ్ అడుగుతారు.

రేపు ఉప్పు వేస్తాను. మళ్లీ పచ్చబడతాయి,
రెండు రోజులు పట్టొచ్చు.
మిల్లుకి పద్నాలుగు నెలలు పట్టింది.
నాన్న సంచి భుజానేసుకుని నడిచి వెళ్లాడు.

తలుపు ఇంకా అదే. పదకొండు గీతలు.
మొన్న అడిగాను, ఇందులో సైకిలేదమ్మా అని.
వేలు పెట్టి చాలాసేపు వెతికింది.
"ఏదో ఒకటి లేయే" అంది.
"ఎసరు మరుగుతంది, సూడు."