రెండూ డెబ్బై

రాత్రి డ్యూటీ. పాలమూరు పెద్దాసుపత్రి, ఆడోళ్ల వార్డు.
పాత కేస్ షీట్ల ఎనక తెల్లగ మిగిలిన జాగల
తెలుగు అక్షరాలతోటి జర్మన్ రాసుకుంటున్న.
ఐన్స్, త్స్వై, ద్రై.

పన్నెండు దాక పెద్ద తిప్పలేం లేదు.
ఫ్యున్ఫ్ అనాలంటే
పొయ్యి ఊదినట్టు పెదవులు ముందటికి రావాలె.
ఆఖ్ట్ అంటే గొంతుల చేపముల్లు గీరుకోవాలె.
ఇన్నేండ్లు తొమ్మిది అనుకున్న నైన్
ఆడ 'కాదు' అట.
తొమ్మిది నోయిన్ అట.
వారం దినాలు కాదనాల్సిన కాడల్లా
తొమ్మిది తొమ్మిది అన్న.

ఇరవై దాటినంక బండి ఎనక్కి నడుస్తది.
ఒకటీ ఇరవై. రెండూ ఇరవై.
ఫోన్ల పాఠం చెప్పే మేడం గట్టిగనే చెప్పింది:
డాక్టరు నాడి డెబ్బై రెండంటే
నీ చెవుల ముందు పడేది రెండు.
తొందరపడి రెండు గీకి పక్కన ఏడు పెట్టినవా,
కాగితం మీద మనిషిని సంపినట్టే.
పెన్ను గాల్ల పట్టుకో.
పదులు వచ్చేదాక ఆగు.

ఆగుడు నాకు రాదు.
సెలైన్ ఆగొద్దు, ఆక్సిజన్ ఆగొద్దు,
ఆగొద్దని నేర్పిన కొలువు ఇది.

వరండా తుడిసే ముక్తార్ ఇని
కర్రకు గదుమ ఆనించి నవ్విండు:
"ఇండ్ల కొత్తేముంది సిస్టర్,
మా ఇంట్ల ఎప్పుడూ గిట్లనే లెక్కవెడ్తం.
బహత్తర్‌ల బా ముందు, హత్తర్ ఎనక.
రెండు మొదలు, డెబ్బై తర్వాత."

గడియారం చౌరస్తాల పండ్లబండ్ల కాడ
బహత్తర్ అని ఎన్నిసార్లు విన్ననో,
పైసలిచ్చి సంచి పట్టుకొని వచ్చిన గని
ఆ మాట మూత తీసి లోపటికి చూడలే.
ఐదువేల మైళ్ల అవతలి లెక్క
మా బజార్లనే సీతాఫలాల పక్క కూసున్నది.

గోడ మీద టైము హాల్బ్ ద్రై.
సగం మూడు. అంటే మూడున్నర కాదు, రెండున్నర.
మూడు ఇంకా తొవ్వల ఉన్నది, సగం దూరమే నడిసింది.
ఈ యాళ్లకు వార్డుల మేల్కొని ఉండేది
నేను, బల్లులు, ఈదమ్మవ్వ.

"ఏం గొణుగుతున్నవ్ బిడ్డా, మంత్రమా?"
"లెక్కలు అవ్వా. వేరే దేశం లెక్కలు."
"నాకు రావా లెక్కలు? ఇను."
దమ్ము ఎగవోస్తుంటే గూడ లేసి కూసొని
చేతుల లేని మానికతోటి కొలిసింది:
"లాభం, రెండు, మూడు, నాలుగు, అయిదు, ఆరు,
ఆరున్నొక్కటి, ఎనిమిది..."

కోయిలకొండ కాడ నలభై ఏండ్లు
వేరేటోళ్ల కళ్లాలల్ల జొన్నలు కొలిసిన చేతులు.
రాశి ముందట ఆ మాట అనొద్దట,
ఏడుపు ఇన్న గింజ నిలువదట.
ఆమె మంచం మీద గోడకు నల్లరంగుతోటి 7.
సూడవచ్చిన సుట్టాలకు
ఆరున్నొక్కటో మంచం అనే చెప్పుకున్నది.

"వాళ్ల దాంట్ల ఏడుపు లేదవ్వా. జీబెన్ అంటరు."
"జీబిన్," అన్నది. బోసినోట్ల తిప్పి చూసుకున్నది.
"జేబు లెక్క ఉన్నది. పైసలుంటయి తియ్."

నాడి పట్టుకున్న.
జర్మన్ల లెక్కవెడ్దామని మొదలువెట్టి
నలభై దాటంగనే ఓడిపోయిన.
ఆ పేర్లు పొడుగు, ఈ గుండె తొందర,
ఏడూ నలభై అనేలోపు రెండు దెబ్బలు ఉరికినయి.
మళ్ల మొదటి నుంచి, తెలుగుల,
నిమిషం ముల్లు తిరిగేదాక.

చార్టు మీద ముందు 2 రాసిన,
ఎడమపక్క జాగ ఇడిసి.
పెన్ను గాల్లనే ఉంది.
తర్వాత ఆ జాగల ఆరున్నొక్కటి పెట్టిన.

"ఎంతున్నది బిడ్డా?"
"రెండూ డెబ్బై."
"నా ఈడు గూడ గంతే ఉంటది. రాసుకో."

వయసు కాడ ఎవరో అందాజగ
అరవై రాసి పెట్టిండ్రు.
కొట్టేసిన.