జతపరచండి

కొరుక్కుపేట రైలు గేటు పడింది.
గూడ్సు బండి దాటేదాకా కిటికీ చువ్వలు వణుకుతాయి,
నా ముందున్న జవాబు పత్రాలూ వణుకుతాయి.
తొమ్మిదో తరగతి, తెలుగు మీడియం,
మొత్తం పదకొండు మంది.
నిరుడు పంతొమ్మిది.

నాలుగో ప్రశ్న: జతపరచండి. ఐదు మార్కులు.
ఎడమ వైపు వస్తువులు, కుడి వైపు మనుషులు.
ఆవిరి యంత్రం, టెలిఫోను, విద్యుత్ దీపం,
సూక్ష్మదర్శిని, టీకా.
ఐదు పేర్లూ దూరదేశాలవి.
గడ్డాలవాళ్ళు, టోపీలవాళ్ళు,
తపాలా బిళ్ళంత బొమ్మల్లో ఇరుక్కుని
నేను చదువుకున్నప్పటి నుంచీ
ఒక్క వైపే చూస్తున్నవాళ్ళు.

పదిమంది గీతలు గీశారు,
కొన్ని సరిగ్గా, కొన్ని పక్కవాడి కాగితంలోంచి.
మునిలత గీత మాత్రం
ఆవిరి యంత్రం దగ్గర బయల్దేరి
ఏ పేరు దగ్గరా ఆగకుండా
మార్జిను దాటి, దారం కట్టిన చిల్లు దాకా పోయింది.
అక్కడ చీమల బారులాంటి రాత:
"మా జేజి వాళ్ళ జేజి.
ఉబ్బ పెట్టేటప్పుడు బాన మీద మూత ఎగిరి పడేదంట.
ఆమె పేరు మా ఇంట్లో ఎవురికీ తెలీదు టీచర్."

నవ్వొచ్చింది. ఎర్ర పెన్ను మూత తీశాను.
తీసి, పట్టుకుని కూర్చున్నాను.

మనవాళ్ళే ముందు కనిపెట్టారని
ఆగస్టు పదిహేనున మైకు వదలని పెద్దమనుషుల మాట కాదిది.
మూత ఎగరడం చూడటం వేరు,
ఎగిరేదానికి ఇరుసు కట్టి చక్రం తిప్పడం వేరు.
ఆ తేడా పిల్లకు చెప్పాలి.
చెబుతూ ఇంకోటీ చెప్పాలి:
మీ జేజి వాళ్ళ జేజి
ఆ మూత వంక రెండోసారి చూసేలోగా
చాకలిపేట ఎండ దాటిపోయేది.
దొరల చొక్కాలు ఆరాలి, గంజి తాగాలి,
మూటలు గాడిద మీదికి ఎక్కాలి.

టీకాకు గీత సరిగ్గానే ఉంది,
పక్కన "జొరం వచ్చింది" అని కూడా ఉంది.
దీపం సరే. సూక్ష్మదర్శిని తప్పు.
టెలిఫోను ఖాళీ.
అన్నిటికీ కింద పెన్సిలుతో
తనే ఒక ఆరో వరస చేర్చుకుంది.
ఎడమ వైపు: పంపు వాషరు.
కుడి వైపు: పెంచలమ్మ, మాయమ్మ.

ఆ పెంచలమ్మ నాకు తెలుసు.
లారీ నీళ్ళు కూడా రాని ఆ ఎండాకాలం
వీధి చేతిపంపులో తోలు వాషరు చిరిగింది.
కార్పొరేషనువాళ్ళు రెండు వారాలన్నారు.
ఆమె స్కూటరు ట్యూబు గుండ్రంగా కోసింది.
మొదటిది జారింది.
రెండోది పగిలింది.
మూడోదాన్ని రాత్రంతా ఆముదంలో నానేసి
తెగిన చెప్పు తోలు మీద అతికి దింపితే
పంపు దగ్గి, ఉమ్మి,
తుప్పు రంగు నీళ్ళు కక్కింది.
ఆ వరసలో నేనూ ఉన్నాను,
నా చేతిలో పచ్చ ప్లాస్టిక్ బిందె.

పక్క వీధుల నుంచి వచ్చేవాళ్ళు:
"పెంచలమ్మ వాషరు ఒకటి కోసివ్వమ్మా."
పంక్చరు షాపు సగాయం కొలత అడిగి
అట్టముక్క మీద గీసుకున్నాడు.
తర్వాత కొళాయిలు వచ్చాయి.
పంపు పెరికేశారు.
మిగిలిన సిమెంటు మొద్దు మీద
ఎవరో ఇస్త్రీ బొగ్గులు ఆరబోస్తారు.
ఆ మాట వీధిలో ఎప్పుడు ఆగిపోయిందో
నేనూ గమనించలేదు.

ఐదుకు రెండు వేశాను.
ఆవిరికి సున్నా, ఇంకేం చేస్తాను?
రిజిస్టరులో ఆరో గడి లేదు.
పెన్సిలు గీతను మాత్రం తుడవలేదు,
దాని మీదుగా ఎర్రగా ఇంకో గీత గీశాను,
వాషరు నుంచి పెంచలమ్మ దాకా.

సగంలో సిరా తప్పింది.
పెన్ను విదిలించి, అరచేతి మీద రుద్ది, మళ్ళీ గీశాను.
దీని కొసన తిరిగే గుండు
ఆవగింజలో సగం కూడా ఉండదు.
ఎవరి ఊహో నాకూ తెలియదు.
ఇరవై రెండేళ్ళుగా
దానితోనే తప్పులు దిద్దుతున్నాను.